పొట్ట మీది గీతలు

కూరలు తరిగే తెల్ల ప్లాస్టిక్ పలక మంగళవారం పొద్దున కనపడలేదు. ఉల్లిపాయలు ఒలిచి పెట్టుకున్నాను. చాకు చేత్తో పట్టుకుని సొరుగులన్నీ తీసి చూశాను. చివరికి రొట్టె కోసే చెక్క మీదే తరిగాను. రొట్టెకు ఉల్లి వాసన పడితే మా ఆయన రెజిస్ ఊరుకోడని తెలుసు.

ఊరుకోలేదు.

"ఈ రొట్టె ఏంటి ఇలా కంపు కొడుతోంది?"

"పలక లేదు. రొట్టె చెక్క మీద తరిగాను."

"లేకపోవడమేంటి? కాళ్ళొచ్చి నడిచిపోయిందా?"

"నాకూ అదే తెలుసుకోవాలని ఉంది."

చిన్నవాడు ఆన్సెల్మ్ కాఫీ గిన్నెలోంచి తల ఎత్తలేదు. "నేను తీసుకున్నానమ్మా. బండికి కావాల్సొచ్చింది" అన్నాడు.

"కూరల పలక బండికెందుకురా?"

"వెనక షాక్ అబ్జార్బర్ కింద కీళ్ళుంటాయి కదా, వాటికి అడుగున బిగించాను. ఆ ప్లాస్టిక్కు రాయి మీద జారిపోతుంది, పట్టుకోదు. షాపులో అమ్మేది కూడా అదే ప్లాస్టిక్కు, రంగొక్కటే తేడా."

"అడిగి తీసుకోవాలి."

"శనివారం కొత్తది తెస్తాను."

"అంచుకి గాడి ఉన్నది తే. పాతదానికి గాడి ఉంది. టమాటా రసం కారిపోకుండా."

పెద్దవాడు తిబో రొట్టెకి వెన్న రాసుకుంటూ నవ్వాడు. "నీ గౌన్లు కూడా దాచుకో అమ్మా. ఇంకో వారం పోతే వాటిని కూడా బండికి తొడుగుతాడు."

"మంచు పడ్డ రోజు పసిపిల్లని బడికి పంపినట్టు పంపుతాడు దాన్ని" అన్నాడు రెజిస్. "టోపీ, మఫ్లరు, చేతి తొడుగులు, మేజోళ్ళు. ముక్కు తుడవడం ఒక్కటే తక్కువ."

ఆన్సెల్మ్ గిన్నె కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో తిన్న గిన్నె తనే కడుక్కునేవాడు వాడొక్కడే.

రెజిస్‌కి ఊరి చివర ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది. కొండలెక్కే మోటారు సైకిళ్ళ క్లబ్బుకి జట్టు పెద్ద కూడా అతనే. ఈస్టరు అయిన ఏడు వారాలకి, పెంతెకొస్తు పండక్కి జరిగే మూడు రోజుల పందేనికి మా ఊరి నుంచి ముగ్గురు వెళతారు. ఆ ముగ్గురినీ ఏరేది రెజిస్. తిబో ఎలాగూ ఉంటాడు. రెండోవాడు వాడి స్నేహితుడు. మూడో చోటు మాత్రం ఇరవై ఒకటి నిండని వాళ్ళ కోసం ఉంచుతారు. ఆన్సెల్మ్ నాలుగేళ్ళుగా ఆ చోటు అడుగుతున్నాడు. ఆగస్టులో వాడికి ఇరవై ఒకటి నిండుతాయి. అంటే ఇదే ఆఖరు.

వాడికి పోటీ రొట్టెల షాపు వాళ్ళబ్బాయి మాయెల్. పద్దెనిమిదేళ్ళు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు, ఎక్కడ పడితే అక్కడ పడతాడు. రెజిస్‌కి వాడంటే ఇష్టం.

మా క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. రెజిస్ మేనమామల కాలం నుంచీ నడుస్తోంది. కొండ మీంచి దిగాక బండి కడగకూడదు. పాత చాకిరేవు పక్కన గడ్డి మీద, పెట్రోలు కుళాయి కట్టేసి, ఎడమ పక్కకి పడుకోబెట్టాలి. ఇంజిన్ అడుగున రెండు నాణేల మందం అల్యూమినియం రేకు ఉంటుంది, రాళ్ళ దెబ్బ ఇంజిన్‌కి తగలకుండా. జట్టు పెద్ద మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో ఆ రేకు మీద బురద తుడుస్తాడు, గీతలు చూస్తాడు. రేకు ముందంచు మీద గీతలుంటే మనిషి రాతిమెట్టుకి ఎదురెళ్ళాడని అర్థం. మధ్యలో ఉంటే రాయి మీద ఊగిసలాడి దాటాడని. పక్కలకి ఉంటే పడ్డాడని, పడటం తప్పు కాదు. గీతలే లేకపోతే దిగి తోసుకుంటూ ఎక్కాడని. పొట్ట చదవడం అంటారు దీన్ని. చదువుతున్నంతసేపూ ఊరంతా చుట్టూ నిలబడుతుంది.

ఆన్సెల్మ్ ఏనాడూ బండి దిగి తోయలేదు. వాడి పద్ధతి వేరు. మెట్టు ముందు ఆగుతాడు. చాలాసేపు చూస్తాడు. ముందు చక్రం ఏ రెండు రాళ్ళ మధ్య పెట్టాలో, వెనక చక్రం ఎక్కడ పట్టు దొరికించుకుంటుందో తేల్చుకుని అప్పుడు ఎక్కుతాడు. ఎక్కేశాక చూస్తే రేకు మీద రెండో మూడో గీతలు. అందుకని ప్రతి ఆదివారం రేవు దగ్గర అదే మాట.

"కన్యాస్త్రీ అరచెయ్యిలా ఉంది రా నీ బండి పొట్ట" అనేవాడు రెజిస్. "ఒక్క పాపం కూడా చెయ్యలేదు పాపం."

జనం నవ్వేవారు. ఇరవయ్యోసారి కూడా నవ్వేవారు.

తిబో బండి పొట్ట చదివితే మాత్రం కబుర్లే కబుర్లు. పోయిన అక్టోబరులో వాడు రేకు చీల్చుకుని ఇంజిన్ అడుగు పగలగొట్టుకొచ్చాడు. రెజిస్ దాన్ని అందరికీ చూపించి, వేలు ఆ కంతలోకి పెట్టి మరీ చూపించాడు. ఆ ఇంజిన్ విప్పి, కొత్త అడుగు బిగించి, మళ్ళీ పలికించింది ఆన్సెల్మ్. పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు తిబో దాన్ని బురదలోకి తోలుకుపోయాడు.

నేను అప్పుడప్పుడు షెడ్డుకి అన్నం పట్టుకెళ్ళి, అక్కడే కూర్చునేదాన్ని. ఆన్సెల్మ్ మాట్లాడేది పని చేస్తున్నప్పుడే. ఒకసారి రేకు బిగిస్తూ నా చూపుడువేలు పట్టుకుని ఇంజిన్‌కీ రేకుకీ మధ్య దూర్చాడు.

"పట్టిందా?"

"పట్టింది."

"ఈ ఖాళీయే అమ్మా అసలు సంగతి. రేకు కాదు. రేకు లోపలికి వంగుతుంది, వంగడానికి చోటుండాలి. చోటు లేకపోతే ఇంజిన్‌ని రాయితో కొట్టినా ఒకటే, రేకుతో కొట్టినా ఒకటే." ఆ ఖాళీలోకి స్పాంజి ముక్క కత్తిరించి దూర్చాడు. "ఇది లేకపోతే చిన్న రాళ్ళు దూరి కూర్చుంటాయి."

హ్యాండిల్ మీది లివర్లు చూపించాడు. వాటి పట్టీలు గట్టిగా బిగించలేదు, కింద టేపు చుట్టి కొద్దిగా వదులుగా ఉంచాడు. పడ్డప్పుడు లివరు పక్కకి తిరిగిపోతుందట, గట్టిగా బిగిస్తే పుటుక్కున విరుగుతుందట. రేడియేటర్లకి రెండు వైపులా ఇనుప పట్టీలు. కోటు జేబులో ఒక సబ్బు ముక్క, ఎక్కడైనా కన్నం పడితే నూనె కారకుండా రుద్దడానికి. స్నానాలగదిలో సబ్బులు ఎలా కరిగిపోతున్నాయో నాకు ఆరోజు తెలిసింది.

"నాన్నకి చెప్పొచ్చుగా ఇదంతా" అన్నాను.

"నాన్నకి తెలియక కాదు" అన్నాడు.

ఏప్రిల్ ఆఖరి ఆదివారం మేకల మెట్ల మీద పరీక్ష పెట్టారు. అది పలకరాయి కొండ, ఒకదాని మీద ఒకటి ఏడు మెట్లు, ఒక్కోటి నడుమెత్తు. గురువారం మధ్యాహ్నం భోజనాల దగ్గర రెజిస్ చెప్పాడు.

"ఆదివారం పొట్టలు చూసి తేలుస్తాను. మాయెల్‌దో, నీదో."

"నేను ఎక్కుతాను నాన్నా. పోయినేడు కూడా ఏడూ ఎక్కాను."

"ఎక్కావని నువ్వంటున్నావు. నీ బండి అనలేదు."

"తిబో చూశాడు. అడుగు."

"నేనా?" తిబో భుజాలెగరేశాడు. "నేను ముందున్నాను. వెనక్కి తిరిగి చూసే అలవాటు లేదబ్బాయ్ నాకు."

చూశాడు. పోయినేడు ఆ సాయంత్రం నాతో వాడే చెప్పాడు, పిల్లి గోడెక్కినట్టు ఎక్కాడమ్మా అని. నేను తిబో వైపు చూశాను. వాడు ఉప్పు అందించమన్నాడు. అందించాను.

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే, చెస్ట్‌నట్లు ఎండబెట్టే రాతి కొట్టం వెనక నుంచి చప్పుడు వినిపించింది. రేకు మీద రాయి చప్పుడు. ఆగి, మళ్ళీ. ఆగి, మళ్ళీ. తెలియకుండానే లెక్కపెట్టాను. నలభై ఒకటి.

వెనక్కి వెళ్ళి చూశాను. ఆన్సెల్మ్ అడుగు రేకు విప్పి రెండు రాళ్ళ మీద ఆనించాడు. కొట్టం గోడలోంచి ఊడిన గ్రానైట్ రాయి ఒకటి రెండు చేతులతో ఎత్తి దాని మీద వేస్తున్నాడు. చెమటలు కారుతున్నాయి. నన్ను చూసి ఆగాడు.

"ఇది నువ్వు చూడలేదు, సరేనా" అన్నాడు.

"ఎందుకురా?"

"గీతలు కావాలంటున్నాడుగా. ఇస్తున్నాను. ఆదివారం ఏడు మెట్లూ ఎక్కుతాను, నిజంగానే ఎక్కుతాను. ఇది సాక్ష్యం కోసం, అంతే. మోసం కాదు."

నేను రేకు వైపు చూశాను. మధ్యలో లోపలికి బాగా వంగిపోయింది, గంజి తాగే పళ్ళెంలా. దాన్ని వాడు బండికి బిగిస్తుండగా అక్కడే నిలబడ్డాను. నా వేలు పట్టిన చోట ఇప్పుడు కాగితం కూడా పట్టదు. స్పాంజి ముక్క దూరలేదు. రెండుసార్లు తోసి చూసి, బయటికి లాగి చెత్తబుట్టలో పడేశాడు.

"అది లేకపోయినా ఫరవాలేదా?"

"ఒక్క రోజుకేగా" అన్నాడు.

ఆరేళ్ళుగా ఆ ఖాళీ ఉంచడం కోసమే బతికినట్టు బతికిన పిల్లాడు. తప్పని చెప్పాలనుకున్నాను. వాడికి తెలియంది నేను చెప్పేదేముందని అనిపించింది. బట్టలు ఇంకా సగం బుట్టలోనే ఉన్నాయి. వెళ్ళి ఆరేశాను.

ఆదివారం ఎండ కాసింది. ఆడవాళ్ళం చాకిరేవు దగ్గర బల్లలు వేసి సూపు, సాసేజీలు, రొట్టె సర్దాం. పదకొండు దాటాక ఒక్కొక్కరూ దిగడం మొదలుపెట్టారు. తిబో వచ్చాడు. వాడి స్నేహితుడు వచ్చాడు. మాయెల్ వచ్చాడు. మోచేతి నుంచి నెత్తురు కారుతోంది, పళ్ళన్నీ బయట ఉన్నాయి. రెండు లివర్లూ సగానికి విరిగిపోయాయి. క్లచ్ మూత పగిలింది. నాలుగో మెట్టు మీద ఒకసారి, ఆరో మెట్టు మీద రెండుసార్లు పడ్డాడట.

రెజిస్ వాడి బండి పొట్ట చదివి, "ఇదీ!" అన్నాడు. "ఇది కదా మనిషి తోలిన బండి!"

మాయెల్ వాళ్ళ నాన్న అక్కడికక్కడే అందరికీ వైన్ పోశాడు.

ఆన్సెల్మ్ బండి ట్రాలీ మీద వచ్చింది. వాడు ట్రాలీ పక్కన నడుస్తూ వచ్చాడు, ఎడమ చెయ్యి పొట్టకి అదుముకుని. కొండ మీద టైము రాసే సుజెల్ చెప్పింది. వాడు మాయెల్ కంటే రెండు నిమిషాలు ముందున్నాడట. అయిదు మెట్లు ఆగకుండా ఎక్కాడట. ఆరో మెట్టు మీద రేకుకి రాయి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, ఎప్పుడూ తగిలేదే. కానీ బండి అక్కడే బిగుసుకుపోయి, వాణ్ణి మీంచి విసిరేసింది. కింద రాళ్ళ మీద నూనె మడుగు.

వాడి మొహం పిండిలా తెల్లగా ఉంది. నా చేతిలో సూపు గరిటె ఉంది. వెళదామనుకున్నాను. పొట్ట చదివేటప్పుడు మధ్యలో వెళ్ళే అలవాటు ఎవరికీ లేదు. రెండు నిమిషాల పనే కదా అనుకున్నాను.

"కడగలేదుగా?" అన్నాడు రెజిస్.

"లేదు" అన్నాడు ఆన్సెల్మ్.

చెయ్యి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. ఇద్దరు బండి దించి గడ్డి మీద పడుకోబెట్టారు. రెజిస్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలితో ముందంచు తుడిచాడు. ఆగాడు. అరచేత్తో మొత్తం తుడిచాడు.

"ఓహో" అన్నాడు. "ఓహోహో. ఇటు రండి. అందరూ ఇటు రండి. ఎవరి బండి ఇది? మా చిన్నాడిది! చూడండి పొట్ట! పంది తవ్విన చేనులా లేదూ!"

లేచి ఆన్సెల్మ్ ఎడమ భుజం మీద ఫట్‌మని చరిచాడు. భుజం ఎముక అప్పటికే రెండు ముక్కలై ఉంది. అది తరవాత తెలిసింది. ఆన్సెల్మ్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పెదవి కొరుక్కున్నాడు. నవ్వాడు కూడా. ఆ నవ్వు నేను చూశాను. అర నిమిషం ఉండి ఉంటుంది. ఆ అర నిమిషం వాడికి దక్కిందని చెప్పకపోతే నేను రాసిందంతా తప్పవుతుంది.

రెజిస్ మళ్ళీ కూర్చున్నాడు. ఇంకా చూపించాలనే కూర్చున్నాడు. బొటనవేలు ఒక గుంటలో ఆగింది. పక్క గుంటలోకి వెళ్ళింది. అక్కడా ఆగింది. రేకు అంచు పట్టుకుని తల వంచి, ఏటవాలుగా వెలుతురులో చూశాడు.

"బండి ఎటు పోతుంది?" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

జవాబు తనే చెప్పాడు.

"ముందుకి పోతుంది. గీత ముందు నుంచి వెనక్కి ఉండాలి. ఇవి గీతలు కాదు. గుంటలు. పైనుంచి పడ్డ దెబ్బలు." లేచాడు. "సుత్తితో కొట్టావు."

"లేదు" అన్నాడు ఆన్సెల్మ్.

"నా షెడ్డులో, నా సుత్తితో."

"లేదు నాన్నా."

"ఇంతమంది ముందు అడుగుతున్నాను. నా మొహం చూసి చెప్పు. సుత్తితో కొట్టావా, లేదా?"

"సుత్తితో కొట్టలేదు."

"అబద్ధాలకోరు!"

"సుత్తి కాదు" అన్నాను నేను.

అందరూ నా వైపు తిరిగారు.

"గ్రానైట్ రాయి" అన్నాను. "కొట్టం గోడలోది. శుక్రవారం."

వాడు అబద్ధం ఆడటం లేదని చెప్పాలనుకున్నాను. అదొక కారణం. రెండోది కూడా ఉంది. పొరపాటు మాట ఒకటి నా ముందు నిలబడితే సరిదిద్దకుండా ఉండటం నాకు చేతకాదు. మాంపెలియే యూనివర్సిటీలో మూడేళ్ళు రాళ్ళ గురించీ నేలల గురించీ చదువుకున్న దాన్ని, సుత్తి దెబ్బకీ రాతి దెబ్బకీ తేడా తెలుసు. ఈ రెండిట్లో ఏది ముందు నా నోట్లోకి వచ్చిందో నన్ను నేను చాలాసార్లు అడిగాను.

ముందు నవ్వింది మాయెల్. తరవాత వాళ్ళ నాన్న. తరవాత అందరూ. వైన్ గ్లాసు బల్ల మీద పెట్టేసి మరీ నవ్విన వాళ్ళున్నారు.

"ఎన్ని దెబ్బలో కూడా చెప్పమ్మా!" అని అరిచాడు తిబో.

నాకు లెక్క తెలుసు. అది మాత్రం చెప్పలేదు.

ఆన్సెల్మ్ నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో. ఎక్కడ బిగించాలో తేలని బోల్టు వైపు చూసినట్టు చూశాడు. తరవాత మోకాళ్ళ మీద కూలబడి గడ్డిలో వాంతి చేసుకున్నాడు. అప్పుడు గానీ నేను గరిటె కింద పెట్టలేదు.

ఆలెస్ పట్నంలో ఆస్పత్రికి నేనే తీసుకెళ్ళాను. గంట దారి, అన్నీ మలుపులే. దారంతా వాడు ఒకే ఒక్క మాట అన్నాడు. "బెల్టు కొంచెం వదులు చెయ్యి." కారు ఆపి వదులు చేశాను.

ఆ వారమంతా ఊళ్ళో కొత్త ఆట ఒకటి పుట్టింది. ఆన్సెల్మ్ రొట్టెల షాపులోకి అడుగు పెట్టగానే ఎవరో ఒకరు బల్ల మీద వేళ్ళ కణుపులతో టక్ టక్ అని కొట్టేవారు. పోస్టాఫీసులో కూడా కొట్టారట. బుధవారం నాడు చిన్న పిల్లలు మా గేటు మీద రాయితో కొట్టి పారిపోయారు. రెజిస్ అది విని బయటికి వెళ్ళాడు. పిల్లల్ని తిట్టడానికనుకున్నాను. గేటు రంగు ఊడిందేమో చూసుకుని వచ్చాడు.

"నువ్వు ఒక్క మాట అంటే ఆపేస్తారు" అన్నాను.

"ఎందుకు ఆపాలి? వాడే కోరుకున్నాడు. ఊరంతా తన బండి గురించి మాట్లాడుకోవాలనేగా కొట్టుకున్నాడు. మాట్లాడుకుంటున్నారు."

"వాడు మోసం చెయ్యలేదు రెజిస్. అయిదు మెట్లు నిజంగా ఎక్కాడు. సుజెల్ రాసింది."

"అదే నాకు మంట. ఎక్కగలిగినవాడు ఎందుకు కొట్టుకోవాలి?"

దానికి నా దగ్గర సమాధానం ఉంది. చెబితే అతని మేనమామల దాకా వెళ్ళాలి. శెనగలు నానబెట్టాల్సి ఉండి లోపలికి వెళ్ళిపోయాను.

శనివారం నేను పాలకూర నారు నాటుతుంటే రెజిస్ వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. చేతులు తుడుచుకుంటూ జట్టు సంగతి తేల్చానన్నాడు. ఏం తేల్చాడో చెప్పాడు. విన్నాను.

"నువ్వే చెప్పు వాడికి" అన్నాడు. "నాకైతే మధ్యలో కోపం వస్తుంది. ఏదో ఒకటి ఎక్కువ అంటాను. నువ్వు ఉన్నదున్నట్టు చెబుతావు."

"రేకు సంగతి కూడా నేనే చెప్పాలా?"

"అన్నీ నువ్వే చెప్పు. ఒకేసారి అయిపోతుంది."

వద్దని అనొచ్చు. అనలేదు. వాడికి ఈ మాట రెజిస్ అరుపుల్లోనో, తిబో ఎగతాళిలోనో తెలియడం కంటే శుభ్రంగా నా నోట తెలియడం మేలని నాకు నేను చెప్పుకున్నాను. మిగిలిన నారు కూడా నాటేశాను. వరసలు తిన్నగా వచ్చాయి.

ఆదివారం మధ్యాహ్నం గినీ కోడి కాల్చాను, బంగాళాదుంపలతో. ఆన్సెల్మ్ ఎడమ చెయ్యి మెడకి కట్టి ఉంది. వాడి పళ్ళెంలో మాంసం నేనే కోసి పెట్టాను, చిన్న ముక్కలుగా. తిబో కోడి కాలు కొరుకుతూ పెంతెకొస్తుకి వాన పడుతుందంటున్నాడు. రెజిస్ నా వైపు చూసి గడ్డం ఎత్తాడు. భోజనం ఆఖర్న పెట్టే జున్ను ఇంకా తేలేదు. ఇప్పుడే చెప్పేద్దామనుకున్నాను.

"ఆన్సెల్మ్" అన్నాను. "మూడో చోటు మాయెల్‌ది."

వాడు తల ఊపాడు. అది వాడికి తెలుసు.

"మాయెల్ బండి పందేనికి పనికిరాదు. ఇంజిన్ చిన్నది, క్లచ్ పోయింది. నీ బండి మీద వెళతాడు."

వాడి ఫోర్కు పళ్ళెం మీద ఆగింది.

"ఇంజిన్‌కి కొత్త అడుగు మంగళవారం వస్తుంది. అది నువ్వే బిగించాలి. బరువులు తిబో ఎత్తుతాడు, నట్లు కూడా నువ్వు చెప్పినట్టు తిప్పుతాడు. కొత్త రేకు, స్పాంజి, లివర్లకి టేపు, రేడియేటర్ పట్టీలు, అన్నీ నువ్వెప్పుడూ చేసేటట్టే చెయ్యాలి. మాయెల్ బాగా పడతాడు కాబట్టి ఇంకా జాగ్రత్తగా. ఇంత బాగా ఈ కొండల్లో ఎవరూ చెయ్యరని నాన్న అన్నాడు."

"నేనా?" అన్నాడు రెజిస్.

"అన్నావు. నిన్న, తోటలో."

రెజిస్ గ్లాసులో వైన్ తిప్పాడు. "అన్నానులే. అబద్ధమేముంది అందులో. నీ చెయ్యి పడితే బండికి దెబ్బ తగలదు. ఈ మాట ఎవరి ముందైనా అంటాను."

ఆన్సెల్మ్ వాళ్ళ నాన్న మొహం కేసి చూశాడు. ఆ మాట కోసం ఎన్నాళ్ళు ఎదురుచూశాడో నాకు తెలుసు. వినగానే వాడి చెవులు ఎర్రబడటం చూశాను. సంతోషంతోనేమో అని భయమేసింది.

"గుంటల రేకు" అన్నాను, ఒకేసారి అయిపోవాలని. "దాన్ని క్లబ్బు గది తలుపు పైన కొడతారు. కొత్తగా చేరే పిల్లలు చూడాలని."

"నీ పేరు రాయట్లేదులే" అన్నాడు తిబో. "అందరికీ తెలుసుగా."

ఎవరూ నవ్వలేదు. తిబో కూడా నవ్వలేదు. బయట ఎవరి బండో కొండ ఎక్కుతున్న చప్పుడు, గేరు మారింది, మలుపు తిరిగింది. ఆన్సెల్మ్ ఫోర్కు పళ్ళెం పక్కన పెట్టాడు, అంచుకి సమంగా. వద్దంటాడని ఎదురుచూశాను. కుర్చీ తన్ని లేస్తాడని ఎదురుచూశాను. లేస్తే నేనేం చెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను, కానీ చివరిదాకా ఆలోచించలేదు.

"ఏ రోజుకి కావాలి?" అన్నాడు.

అడుగుతాడని నాకు తెలుసు. రెజిస్‌ని ముందే అడిగి ఉంచాను.

"పందెం ముందు బుధవారానికి" అన్నాను. "మధ్యాహ్నం లోపు."